కళాపూర్ణోదయమున సాహసము – కథానాయక నిర్ణయము

శంషాబాదు విమానాశ్రయము 2008 మార్చిలో పనిచేయ నారంభించిన నాటినుండి ఆ పరిసరములలోని తరగతి గదులయందు పాఠము చెప్పువారికి ఒక అలవాటు కుదిరినది. పైనుండి విమానము పోవునప్పుడు వాక్యమును సగములో నిలుపుదురు. ధ్వని అణగిన పిమ్మట విడిచినచోటినుండి మరల అందుకొందురు. అట్టి గది యొకదానిలో మేము పింగళి సూరన కళాపూర్ణోదయము ప్రథమాశ్వాసమును బోధించుచుండగా ఒక విద్యార్థిని లేచి, ఆకాశమున పోవు విమానములో రంభానలకూబరులు మాటాడుకొన్న మాట క్రింద ఉద్యానవనములోనున్న కలభాషిణికి ఎట్లు వినబడెనని ప్రశ్నించెను. గదిలో నవ్వు పుట్టినది. దివ్యవిమానములకు ఇట్టి రొద యుండదనియు, అద్భుతకథలో ఇట్టి శంకకు తావు లేదనియు మేము సమాధానము చెప్పితిమి. ఆమె తృప్తి చెందలేదు. వినబడుట యెట్లని తన శంక కాదనియు, ఆ మాట వినబడకపోయినచో ఈ కథ నడచునా యనియే తాను అడుగుచున్నాననియు ఆమె మరల విన్నవించెను.

ఆ నాటి ప్రశ్నకు మేము అప్పుడు సరియైన ఉత్తరము చెప్పలేకపోతిమి. ఈ వ్యాసము ఆ ఉత్తరమును వెదకు ప్రయత్నము. వెదకగా వెదకగా మా పూర్వాభిప్రాయమునే ఒకదానిని విడువవలసి వచ్చినది. మా సిద్ధాంతవ్యాసములో మేము కళాపూర్ణునే ఈ కావ్యమునకు నాయకునిగా గ్రహించి, తక్కిన పాత్రలన్నియు అతని యుదయమునకు సాధనములని వ్రాసియుంటిమి. గ్రంథనామమును, లక్షణగ్రంథముల సంప్రదాయమును నమ్మి చేసిన నిర్ణయమది. ఆ నిర్ణయము తొందరపాటుదని ఇప్పుడు మాకు తోచుచున్నది. ఈ కథలోని సాహసము ఖడ్గముతో చేయునది కాదు, చెవితో చేయునది. ఆ సాహసమును మొదటినుండి తుదివరకు వహించునది కలభాషిణి. ఇదియే మేము ప్రతిపాదింపదలచిన విషయము.

ముందుగా గ్రంథస్వరూపమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. సూరన 16వ శతాబ్దమువాడు. ఎనిమిది ఆశ్వాసముల ఈ కావ్యమును నంద్యాల కృష్ణరాజునకు అంకితమొనర్చెను. ఇతివృత్తము పురాణములనుండి గ్రహించినది కాదు, కవి కల్పించినది. నారదుడు, కృష్ణుడు, రంభ, నలకూబరుడు మున్నగు పరిచితనామములు ఇందు కలవు గాని, వారిచేత జరిపించిన కథ సూరన సొంతము. కట్టమంచి రామలింగారెడ్డి తమ కవిత్వతత్త్వ విచారమున సూరన కావ్యములను ప్రధానముగా గ్రహించి చర్చించుటకును ఆతని కథాకల్పనాశక్తియే ముఖ్యకారణము. మరియు 2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ గారలు దీనిని ఆంగ్లమున ననువదించి, దక్షిణదేశమున 16వ శతాబ్దమునాటికే నవలాలక్షణములు గల రచన పుట్టినదని వాదించిరి.

ఇది నవలయా, ప్రబంధమా యను చర్చలో మాకు అంతగా ఆసక్తి లేదు. కందుకూరి వీరేశలింగము తమ రాజశేఖరచరిత్రమును వచనప్రబంధమనియే పేర్కొనిరి. బాణుని కాదంబరి పేరు మహారాష్ట్రకర్ణాటభాషలలో నవలకే పర్యాయమైనది. కావున ఈ రెండు నామములకును నడుమ గోడ యున్నదని తలచువారు పూర్వులు కారు. అయినను ఆ చర్చవలన ఒక ప్రయోజనము కలదు. ప్రబంధముగా చదువునప్పుడు మనము వర్ణనలకొరకు ఆగుదుము; నవలగా చదువునప్పుడు, ఈ పాత్ర ఇట్లేల చేసెనని అడుగుదుము. కళాపూర్ణోదయము ఈ రెండవ ప్రశ్నకు ఉత్తరము చెప్పగల గ్రంథము. ఆ ప్రశ్న వేయకుండుట మా పూర్వదోషము.

కథారంభమును పరిశీలింతము. ద్వారకానగరమున వేశ్యాకులమున పుట్టిన కలభాషిణి చెలులతో ఉయ్యాల లూగుచుండును. ఆకాశమార్గమున నారదుడు, శిష్యుడగు మణికంధరునితో వచ్చుచుండును. ఆ మార్గముననే రంభానలకూబరుల విమానమును పోవుచుండును. తన రూపమునకు సాటి లేదని రంభ గర్వించుటయు, ఆ గర్వము నారదునకు రుచింపకుండుటయు, ఆ మాటల నడుమ కళాపూర్ణుడను ఒకని కథ సూచింపబడుటయు, ఆ కథ భూలోకమున చెప్పరానిదని తెలియుటయు జరుగును. క్రిందనున్న బాలిక ఇది వినును. ఉయ్యాలయు విమానమును గాలిలోనే కదలునవి. కాని ఒకదానికి త్రాడు కలదు, రెండవదానికి లేదు. ఎంత పైకి పోయినను మరల నేలకు దిగవలసిన ఆ పిల్ల చెవిలో, నేల నంటని వారి రహస్యము పడినది. గ్రంథమంతయు ఈ ఒక్క సంఘటనయొక్క విస్తరణము.

సామాన్యముగా అద్భుతసాహసకథలలో నాయకుడు ఒక వస్తువునకై బయలుదేరును. అది పాతాళములోని నిధి కావచ్చును, రాక్షసుని ప్రాణమున్న చిలుక కావచ్చును, అపహరింపబడిన రాకుమారి కావచ్చును. కాశీమజిలీకథలు చదివినవారికిని, 1951లో వెలువడిన పాతాళభైరవి చిత్రమును చూచినవారికిని ఈ పద్ధతి సుపరిచితము. కలభాషిణి వెదకు వస్తువు ఇట్టిది కాదు. ఆమె విన్నది ఒక పేరు మాత్రమే. ఆ పేరు వెనుకనున్న కథ యేమి? అది ఏల చెప్పరాదు? ఈ కుతూహలమునకు తోడుగా నలకూబరుని సౌందర్యము ఆమె మనస్సున నాటినది. ఒక ప్రశ్నయు, ఒక కోరికయు – ఈ రెండే ఆమె పాథేయము.

ఈ ప్రయాణమునకు ఆమె ఎన్నుకొన్న మార్గమును గమనింపవలెను. ఆమె నారదుని సేవకు పూనుకొనును. నారదుడు అప్పటికి తుంబురుని గెలువవలెనను పంతముతో కృష్ణుని యింట సంగీతము నేర్చుకొనవచ్చినవాడు. ముల్లోకములకు గురువనదగిన ముని కృష్ణుని అంతఃపురస్త్రీలవద్ద శిష్యుడై కూర్చుండుట సూరన కల్పించిన సన్నివేశములలో మిక్కిలి సరసమైనది. సంగీతవిద్యయందు నోటికంటె చెవి ముందు సిద్ధపడవలెను. గర్విష్ఠియగు మునియే ఇచ్చట వినుట నేర్చుకొనుచున్నాడు. ఆతని వెంట వినుటకు వచ్చిన కలభాషిణి ఆ విద్యను గ్రహించినది. ఆతని యనుగ్రహమున కోరిన రూపము దాల్చు శక్తిని కూడ పొందినది. ఈ వరము ఆమెకు ఖడ్గమువంటిదని తొలుత తోచును. కాని ఆ వరమే ఆమెకు ఉరియగుట తరువాతి కథ.

ఇచ్చట మణికంధరుని గూర్చి చెప్పవలెను. ఇతడు గంధర్వుడు, గాయకుడు, గురుభక్తుడు. విమర్శకులు ఇతనిని మంచివాడని మెచ్చి విడుతురు. మాకు ఇతడు గ్రంథములో మిక్కిలి దుఃఖభాజనమగు పాత్రగా కనబడుచున్నాడు. తీర్థయాత్రలు చేసి తపస్సునకు కూర్చున్న ఇతనికడకు ఇంద్రుడు రంభను పంపును. తపస్సు చెడిపోవును, ఇంతవరకు పురాణములలో నూరుమార్లు చెప్పబడినదే. సూరన ఆగినది ఆ తరువాత. ఏకాంతమున రంభ నోట నలకూబరుని పేరు వెలువడును. తన కౌగిలిలో నున్నది తన్ను కాక వేరొకని తలచుచున్నదని మణికంధరుడు వినును. పురాణములలోనివారైనచో శపించియుందురు. ఇతడు శపింపడు, ఆమె కోరినవాని రూపమునే దాల్చును. ప్రేమింపబడుటకై తన్ను తాను తుడిచివేసికొన్న మనుష్యుడితడు. ఇది వీరమా, దైన్యమా యని నిర్ణయించుట కష్టము. ఒక్క మాట చెవిని పడుటవలన ఒక జీవితము త్రోవ తప్పినది. ఇది మాత్రము స్పష్టము.

ఇదే కాలమున కలభాషిణి రంభ రూపమును దాల్చును. నలకూబరుని పొందవలెనన్న ఆమెకు తన రూపము చాలదని తోచినది. ఆమె చేరినది నలకూబరుని రూపములోనున్న మణికంధరుని. కథలోని మాయారంభామాయానలకూబరుల సమాగమమిదియే. దీనిని గూర్చి వ్రాసినవారు సాధారణముగా కథాసంవిధానచాతుర్యమును మెచ్చుకొందురు. ఇద్దరు రంభలు ఎదురుపడి కలహించు ఘట్టమున హాస్యమును మెచ్చుకొందురు. ఆ మెప్పు ఉచితమే. కాని ఆ చాతుర్యముక్రింద ఒక తీవ్రమైన సత్యము కలదు. ఒకే గురువువెంట తిరిగి, ఒకే సంగీతమును విన్న ఇద్దరు యువజనులు, ఒకరినొకరు చూచికొనక, ఆకాశమున పోవువారిని కోరి, ఆకాశవాసుల వేషములలో ఒకరినొకరు కలిసికొనిరి. దొరికినదేమో నిజముగా తమకు తగిన జోడే. కాని దొరికినట్లు ఇరువురికిని తెలియదు. తెలిసికొనుటకు వారికి మరియొక జన్మము కావలసివచ్చినది. తన వంటి రూపము కలది నీకు ఎదురగునని నారదుడు రంభకు చెప్పిన మాట రంభ గర్వమును మాత్రమే అణచుటకు కాదు. పరరూపమును కోరినవారందరికిని అది పాఠము.

సాహసకథకు ప్రతినాయకుడు కావలెను. ఆ స్థానమున నిలుచువాడు సిద్ధుడగు మణిస్తంభుడు. ఇతడు ఎగురు సింహముపై వచ్చును. దూరశ్రవణ దూరదర్శన శక్తులు కలవాడు. మణికంధరుని తీర్థయాత్రావృత్తాంతము కలభాషిణికి ఇతని నోటనే తెలియును. కలభాషిణి వినుటకై ఎంత శ్రమించినదో, ఇతనికి వినుట అంత సులభము. ఎక్కడ ఏమి జరిగినను ఇతని చెవిని పడును. అయినను ఇతడు విన్నదానివలన దయ నేర్చుకొనలేదు. ఆ బాలిక కుతూహలమును ఎరగా వేసి, ఆమెను సింహముపై నెక్కించుకొని అడవిలోని దేవ్యాలయమునకు బలికై కొనిపోయెను. వినికిడి జ్ఞానమునకు హేతువు కావచ్చును. కాని వినినవాని హృదయము కరగనిచో అది అధికారమునకు సాధనము మాత్రమగును. ఈ భేదమును చూపుటకే సూరన దూరశ్రవణమును ఒక క్రూరునకు ఇచ్చెనని మా తలంపు.

మంత్రికుడు అమాయకుని దేవతకు బలియీయజూచుట మన కథలలో ప్రాచీనమగు ఘట్టము. బేతాళకథలలోని భిక్షువు విక్రమార్కుని అట్లే కొనిపోవును. పాతాళభైరవిలోని నేపాళమాంత్రికుడు తోటరాముని అట్లే కొనిపోవును. ఆ కథలలో నాయకుడు యుక్తిగ్రహించి మాంత్రికునే నరకును. కలభాషిణి ఎవరిని నరకదు. దేవి సన్నిధియందు ఆ బలి తప్పుట ఆమె భుజబలమువలన కాదు. ఆమె ధైర్యము వేరువిధమైనది: తన్ను చంపుటకు తెచ్చినవాని భార్య సుముఖాసత్తి ఎదుట నిలిచి, ఆమె పూర్వకథను వినుట. ప్రాణాపాయసమయమున కూడ కథ వినుటకు ఓపిక గల నాయికను ఇతరత్ర మేమెరుగము.

ఆ పూర్వకథయే సుగాత్రీశాలీనుల వృత్తాంతము. సుగాత్రీశాలీనులే పిదప సుముఖాసత్తి మణిస్తంభులని పిలువబడిరి. ఇది కాశ్మీరదేశమున జరిగినది. శాలీనుడు పేరునకు తగినట్లు సిగ్గరి. అలంకరింపబడి పడకటింటికి వచ్చిన భార్యను చూచి ముడుచుకొనిపోవును. సొమ్ములన్నియు తీసివేసి, తోటలో భర్తతో కలిసి మట్టిపని చేసి చెమర్చిన సుగాత్రిని చూచినప్పుడు మాత్రమే అతనికి ఆమెపై అనురాగము పుట్టును. ఈ ఉపాఖ్యానము తెలుగు సాహిత్యమున దాంపత్యచిత్రణమునకు మేల్బంతియని ప్రశంసలు పొందినది. ప్రధానకథతో దీనికి సంబంధము తక్కువయని భావించి, దానిని విడదీసి పాఠ్యభాగముగా చదువుటయు కలదు. మేము దీనితో ఏకీభవింపజాలము. ఒకవైపు రంభరూపము, నలకూబరరూపము ధరించి ప్రేమను వెదకువారు. మరియొకవైపు అలంకారమును విసర్జించి ప్రేమను పొందినవారు. తోటలోని మట్టియే ఆకాశములోని విమానమునకు ప్రత్యుత్తరము. ఆకాశమునకై బయలుదేరిన కలభాషిణికి ఈ కథ వినిపింపబడుట యాదృచ్ఛికము కాదు.

అంతటి సాధువగు శాలీనుడు కన్యను బలియీయబూనిన మణిస్తంభుడెట్లాయెను? పాత్రపోషణమున ఇది అసంగతమని కొందరు ఆక్షేపింపవచ్చును. మాకు అసంగతముగా తోచుట లేదు. భార్య యాభరణములకు బెదరిన మనస్సు శక్తులనుజూచి బెదరలేదు. తోట విడిచి సింహమెక్కిన నాడే ఆతని సిగ్గు పోయినది, సిగ్గుతో మృదుత్వమును పోయినది. సూరన దీనిని వివరింపడు. రెండు దశలను రెండుచోట్ల నిలిపి, నడుమనున్న దూరమును పాఠకునికి విడుచును. ఇట్టి విడుపును మనము దోషముగా కాక గుణముగా గ్రహింపవలెను.

పిమ్మట ఈ దంపతులు స్త్రీపురుషభావములను మార్చుకొందురు. సుముఖాసత్తి పురుషుడై, మణిస్తంభుడు స్త్రీయై, వారికి కళాపూర్ణుడు కలుగును. బలికై ఖడ్గమెత్తినవాడే గర్భము మోయవలసినవాడగుట అద్భుతము మాత్రమే కాదు. మా దృష్టిలో అది కావ్యన్యాయము. పరుల ప్రాణమును తేలికగా చూచినవానికి ప్రాణము నిచ్చుట యెట్టిదో ఈ విధమున తెలియవలసి వచ్చినది.

కలభాషిణీమణికంధరులు ఆ జన్మములు చాలించి మరల పుట్టుదురు. మణికంధరుడు కళాపూర్ణుడగును, కలభాషిణి, మదాశయ రూపానుభూతుల పుత్రిక మధురలాలస యగును. ఇచ్చటికి వచ్చుసరికి సూరన కథాసంవిధానము తన పూర్ణరూపమును చూపును. మణిహారము మెడకు తగులగానే పసిబిడ్డయగు మధురలాలసకు పూర్వస్మృతి కలుగును. ఆ శిశువు నోటనే ఇన్నాళ్లు చెప్పరానిదైన కథ వెలువడును. ఏకాంతమున బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథయది. దానిలోని పేరులను విడదీసి చూచినచో అవి ఆ ఏకాంతమునకు సంబంధించినవే: మణిస్తంభమనగా మణులు పొదిగిన కంబము, సుముఖాసత్తి యనగా అందమగు మొగముయొక్క సామీప్యము, మదాశయుడనగా నా హృదయము, రూపానుభూతి యనగా రూపముయొక్క అనుభవము, మధురలాలస యనగా తీయని కోరిక. సరస్వతి ఆ సంకేతమును గ్రహించి, ఇది లోకమున వ్యాపింపరాదని కోరినది. అయినను అది ఎట్లో రంభ చెవిని చేరినది. రంభ నోటినుండి ఉయ్యాలపైనున్న పిల్లకు వినబడినది.

సంకేతనామములు గల కథలు మనకు క్రొత్త కావు. నంది మల్లయ ఘంట సింగనల తెలుగు ప్రబోధచంద్రోదయమున వివేకము, మోహము మున్నగునవి పాత్రలై సంచరించును. కాని ఆ పాత్రలు తమ పేరులను దాటి బయటికి రావు. వివేకము వివేకమునే పలుకును. సూరన పాత్రలు తమ పేరుల యర్థమును తా మెరుగరు. ఇతరుల ఏకాంతములోని ఒక క్షణమునకు తాము నీడలమని తెలియక, వారు ప్రేమింతురు, మోసపోవుదురు, దెబ్బతిందురు, చత్తురు. దేవతల సరసము మనుష్యులకు జీవితమైనది. ఈ కథను మరల భూమిపై చెప్పగలిగినది ఎవరు? కథ చెప్పిన బ్రహ్మ కాదు, మరుగుపరచిన సరస్వతి కాదు, గర్వముతో సూచించిన రంభ కాదు. విని, వినినదానికై జన్మము నిచ్చిన కలభాషిణియే మధురలాలసయై చెప్పినది. వినుటకు ఆమె చెల్లించిన మూల్యమే చెప్పుటకు ఆమెకు అర్హతయైనది. ఇంతకంటె స్పష్టమగు నాయికాలక్షణము మాకు కనబడదు.

మరి కళాపూర్ణుని సంగతి యేమి? గ్రంథము చాలదూరము నడచినగాని అతడు జన్మింపడు. జన్మించిన పిమ్మట రాజై, దిగ్విజయముచేసి, అభినవకౌముదిని, మధురలాలసను వివాహమాడును. రాజునకు కావలసిన గుణములన్నియు అతనికి కలవు. పాత్రకు కావలసిన లోపము మాత్రము లేదు. మణికంధరునియందు మనము చూచిన సంకటము ఇతనియందు లేదు. ఇతడు కథకు ఫలమేగాని, కథను నడపిన శక్తి కాడు. ఉదయించువాడు చంద్రుడే, కాని రాత్రియంతయు మేల్కొని ఎదురుచూచినవారి కథయే కథ. నాయకుడనగా ఫలమును పొందువాడను లక్షణము ననుసరించినచో కళాపూర్ణుడు నాయకుడే. నాయకుడనగా ఎవని యెంపికలవలన కథ మలుపులు తిరుగునో వాడను అర్థమును గ్రహించినచో ఆ స్థానము కలభాషిణిది.

మా వాదమునకు రెండు బలమైన ఆక్షేపములు కలవు. మొదటిది: ఇదంతయు బ్రహ్మ ముందే చెప్పిన కథ కదా, పాత్రల యెంపిక యనునది ఎక్కడ? విధి వ్రాసినదానిని జరిపించువారికి సాహసమని పేరెట్లు? దీనికి మా సమాధానమిది. కథ ముందే చెప్పబడినదని పాత్రలకు తెలియదు. పాఠకునికిని మొదట తెలియదు. సూరన కార్యమును ముందు చూపి కారణమును వెనుక చూపెను. కలభాషిణి నారదుని వెంట నడచినప్పుడును, మణికంధరుడు రూపము మార్చినప్పుడును మనము చూచునది వారి మనస్సులనే. బ్రహ్మ మాటను కాదు. తరువాత బ్రహ్మకథ తెలిసినంతమాత్రమున ఆ మనస్సులు చూపిన తెగువ అబద్ధము కాదు. విన్నవారెవరును వినకుండుటకు నిర్బంధింపబడలేదు, వినుటకును నిర్బంధింపబడలేదు. ద్వారకలో ఉయ్యాల లూగుచున్నవారు మరికొందరును కలరు. ఆ మాటవెంట పోయినది ఒక్కతయే.

రెండవ ఆక్షేపము గట్టిది. దానికి మేము సంపూర్ణసమాధానము చెప్పజాలము. కలభాషిణి వేశ్యాకులజ. కోరినవానిని ధర్మముగా పొందుటకు ఆమెకు ఆ జన్మమున త్రోవ లేదు. ఆమె చచ్చి రాకుమారిగా పుట్టినప్పుడే వివాహము ప్రాప్తించినది. ఇంత కల్పనాసాహసము గల కవి స్త్రీని పురుషునిగా మార్చెను, పురుషునిచేత శిశువును కనిపించెను, పసిబిడ్డచేత పూర్వజన్మకథ చెప్పించెను. కాని ద్వారకలోని ఆ పిల్లకు ఆ జన్మముననే గౌరవమగు గృహమును కల్పింపలేకపోయెను. లింగభేదమును దాటగలిగిన కల్పన కులభేదమునొద్ద ఆగినది. ఇది సూరన లోపమా, కాలము గీచిన హద్దా యని తర్కింపవచ్చును. రెండవదియే యని మేము తలంతుము. అయినను హద్దును హద్దుగా చెప్పక అద్భుతముమాటున దాచుట విమర్శకధర్మము కాదు.

ఇంకొక లోపమును కూడ చెప్పవలెను. రహస్యము వెల్లడియైన పిమ్మట చివరి ఆశ్వాసములలో కథావేగము తగ్గి, వర్ణనలు పెరుగును. అనురాగము, విరహము, వివాహము, జైత్రయాత్ర సంప్రదాయానుసారముగా నడచును. పద్యశిల్పము తగ్గలేదు, వినవలసినది మాత్రము తగ్గినది. ఇదియు పరోక్షముగా మా ప్రతిపాదనకే సాక్ష్యము. చెప్పరాని కథ చెప్పబడినంతనే ఈ గ్రంథమునకు ఊపిరియైన కుతూహలము తీరిపోవును. కళాపూర్ణుడు రంగమున నిలుచునప్పటికి కలభాషిణి నిష్క్రమించియుండును, లోటు తెలియును.

సూరన ఇతర రచనలు కూడ ఈ దృష్టికి తోడ్పడుచున్నవి. రాఘవపాండవీయమున ఒకే పద్యము రామకథగాను భారతకథగాను వినబడును. ఒకే ధ్వనిలో రెండు కథలను వినగల చెవి ఆ కవిది. ప్రభావతీప్రద్యుమ్నమున శుచిముఖి యను హంస పలుకులు విని నాయికానాయకులు పరస్పరము అనురక్తులగుదురు. అనగా వినుట యనునది సూరనకు ఒక గ్రంథములోని ఉపాయము మాత్రమే కాదు. మూడు కావ్యములయందును ఆతని కల్పన చెవివైపునకే తిరిగినది. ఈ విషయమున సమగ్రపరిశోధన చేయుటకు తావు కలదు. విద్యార్థులు పూనుకొనవలెనని కోరుచున్నాము.

బోధకులకు ఒక విన్నపము. కళాపూర్ణోదయమున నాయకుడెవరని ప్రశ్నపత్రములయందు అడుగుట మనకు వాడుక. కళాపూర్ణుడని వ్రాసినవారికి గుణములు వేయుటయు వాడుకయే. ఆ ప్రశ్నను ఇకమీదట మార్చి, ఈ కథలో ఎవరు ఏమి విన్నారు, విని ఏమి చేసిరి యని అడిగినచో విద్యార్థులు సంగ్రహములను విడిచి గ్రంథమునే చదువవలసి వచ్చును. అట్లు చదివినవారు నాయకుని విషయమున మాతో ఏకీభవింపకపోయినను మాకు కష్టము లేదు.

ఆ విద్యార్థినికి మేము చెప్పవలసియుండిన ఉత్తరము ఇప్పుడు సులభము. ఆ మాట వినబడకపోయినచో కథ నడువదు. వినబడుట మాత్రముననైనను నడువదు. విన్నదానిని విడువక వెంటబడువారు ఒకరు కావలెను. మరుసటి యేడు అదే గదిలో ఆ ఘట్టమును మరల బోధించునప్పుడు పైనుండి విమానము పోయినది. మేము వాక్యము నిలిపితిమి. ధ్వని అణగిన పిమ్మట, ఎచ్చట నిలిపితిమో మేము వెదకుకొనుచుండగా, వెనుకవరుసలోని ఒక విద్యార్థి ఆ వాక్యమునకు తరువాతి పదమును అందించెను.